మెడ కింద హాలీవుడ్

మదనపల్లె, పుంగనూరు చుట్టుపక్కల ఇళ్ళలో గోడకు వేలాడుతూ, పూలదండ వేసుకుని మనల్ని చూసే పెద్దమనుషుల్లో చాలామందికి మెడ దాకానే సొంత శరీరం. మెడ కింద నుంచి అందరూ ఒకే మనిషి. నల్ల కోటు, తెల్ల చొక్కా, గొంతు దగ్గర సీతాకోకచిలుక ముడి, పైజేబులో మడిచి పెట్టిన తెల్ల రుమాలు, కొంచెం పైకి లేచిన ఎడమ భుజం. బతికినన్నాళ్ళూ మోకాళ్ళ పైకి పంచె ఎగగట్టి వేరుశెనగ చేలో తిరిగిన మనిషి, పోయిన పదకొండో రోజుకల్లా ఇంత దర్జాగా ఎలా తయారయ్యాడని ఆ ఇళ్ళలో ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే నా దగ్గరికే వచ్చేవాళ్ళు. ఆ కోటు తొడిగింది నేనే.

ఆ శరీరం ఒక హాలీవుడ్ నటుడిది. ఆయన పేరు నాకిప్పటికీ తెలియదు. మా వైపు ఆయన ఎన్ని ఇళ్ళకు తాతయ్యాడో, ఏటా ఎన్ని ఇళ్ళలో వడలూ పాయసమూ నైవేద్యం పెట్టించుకుంటున్నాడో ఆయనకూ తెలిసి ఉండదు.

తొంభైల మొదట్లో మదనపల్లెలో బస్టాండుకు పోయే వీధిలో నాకొక ఫోటో స్టూడియో ఉండేది. ఊళ్ళో ఎప్పటి నుంచో ఉంటున్న ఒక దొరసాని, వయసు మీద పడి తన దేశానికి వెళ్ళిపోతూ, ఇంట్లో సామాన్లన్నీ అమ్మకానికి పెట్టింది. జనం మంచాల మీద, బీరువాల మీద ఎగబడ్డారు. పాత కెమెరా ఏదైనా దొరుకుతుందేమోనని నేనూ వెళ్ళి, బరువుగా ఉంది కదా అని ఒక రేకుపెట్టె కొనుక్కొచ్చాను. ఇంటికి తెచ్చి తెరిస్తే కెమెరా లేదు, నలభైకి పైగా ఫోటోలున్నాయి. ఒక్కొక్కటి బడిపిల్లల పలకంత. అన్నీ నలుపు తెలుపు. అన్నిట్లోనూ తెల్లవాళ్ళే. వెనకవైపు నీలం స్టాంపు, టైపు కొట్టి అంటించిన చీటీ.

కాలేజీలో ఇంగ్లీషు చెప్పే లెక్చరరు ఒకాయన పాస్‌పోర్టు ఫోటో కోసం వచ్చినప్పుడు ఆ చీటీలు చదివించుకున్నాను. పాతకాలంలో హాలీవుడ్ కంపెనీలు తమ నటీనటుల్ని గొప్పగా చూపించడానికి పత్రికలకు పంపిన ప్రచారం ఫోటోలట అవి. దొరసాని చిన్నప్పుడు ఉత్తరాలు రాసి తెప్పించుకుని దాచుకుని ఉండాలి. ఒక చీటీలో, షూటింగు లేని రోజున ఫలానా నటి తన ఇంట్లో స్వయంగా వంట చేసుకుంటున్న దృశ్యం, అని ఉంది. ఫోటోలో ఆమె మెడ నిండా ముత్యాలతో, నేల మీద జీరాడే పట్టు గౌనుతో పొయ్యి పక్కన నిలబడి ఉంది. ఆ గరిట పట్టుకున్న తీరు చూస్తే, ఆమె జన్మలో ఉప్మా కలిపిన మనిషి కాదని తెలిసిపోతుంది. ఇంకో చీటీలో ఒక నటుడు తన తోటలో మట్టి పని చేస్తున్నాడు. బూట్లలో మొహం చూసుకోవచ్చు.

నాకు మాత్రం ఆ ఫోటోల మీద పిచ్చి పట్టుకుంది. ఆ మొహాల మీద మచ్చ లేదు, ముడత లేదు, చర్మానికి రంధ్రాలే లేవు. భూతద్దం పెట్టి చూస్తే గుట్టు తెలిసింది. కళ్ళ కింద, గడ్డం పక్కన సన్నటి పెన్సిల్ పని. అంటే అంత గొప్ప హాలీవుడ్‌లోనూ నాలాంటి వాడొకడు కిటికీ పక్కన కూర్చుని, నెగెటివ్ మీద పెన్సిల్ పెట్టి జనం మొటిమలు చెరిపాడన్నమాట. ఆ రోజు నుంచి నా నడకే మారిపోయింది. నన్ను నేను మదనపల్లె ఫోటోగ్రాఫరుగా అనుకోవడం మానేశాను.

ముందు బతికున్నవాళ్ళ మీద ప్రయోగం చేశాను. ఒక లైటు పైన పెట్టి, పక్క లైటు ఆర్పేసి, సగం మొహం వెలుగులో, సగం చీకట్లో ఉండేట్టు తీయడం మొదలుపెట్టాను. నిమ్మనపల్లె నుంచి ఒకాయన కూతుర్ని పెళ్ళిచూపుల ఫోటో కోసం తీసుకొచ్చాడు. మా వైపు పెళ్ళి ఫోటోకి ఒక కట్టుబాటు ఉంది. పిల్ల ఎంత అందంగా ఉన్నా సరే, రెండు చెవులూ కనబడాలి. నేను ఆ అమ్మాయిని మహారాణిలా తీశాను. ఆయన ఫోటో పట్టుకుని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, వెనక్కి కూడా తిప్పి చూశాడు. మిగతా సగం మొహం ఎక్కడికి పోయిందని అడిగాడు. కళ అని చెప్పాను. మగపెళ్ళివాళ్ళు కళను చూడరనీ, ఇంకో చెవి లేదేమో అనుకుంటారనీ చెప్పి, అక్కడే కూర్చుని మళ్ళీ తీయించుకుని వెళ్ళాడు. రెండు చెవులతో.

అలా నాలుగు దెబ్బలు తిన్నాక, ఎదురు చెప్పని వాళ్ళ దగ్గరికి మళ్ళాను. అంటే పోయినవాళ్ళ దగ్గరికి.

మా వైపు మనిషి పోతే పదకొండో రోజుకు బంధువులందరూ వచ్చేలోగా గోడ మీద పటం ఉండాలి. పటం లేకపోతే దండ ఎక్కడ వేయాలి, ఎవరికి దణ్ణం పెట్టాలి? బతికుండగా ఫోటో తీయించుకోవడానికి ఎవరికీ తీరిక ఉండదు. అందుకని ఇంటివాళ్ళు ఏది దొరికితే అది పట్టుకొచ్చేవాళ్ళు. రేషన్ కార్డు మీది బొమ్మ, ఎవరిదో పెళ్ళి గ్రూపు ఫోటోలో ఆఖరి వరసలో గోరంత తల. తల ఉంటుంది, శరీరం ముందున్న వాడి వెనకాల ఉంటుంది. ఆ తలను పెద్దది చేసి, కత్తిరించి, అంచుల్ని వెనక నుంచి గరుకుకాగితంతో పల్చగా అరగదీసి, రేకుపెట్టెలో వెనక చీటీ ఊడిపోయిన కోటు దొర ఫోటోకి నకలు తీసి, ఆ మెడ మీద అతికించి, అతుకు కనబడకుండా బ్రష్షుతో సర్ది, మళ్ళీ ఫోటో తీసేవాణ్ణి. మొదటి పటం పుంగనూరు వెళ్ళింది. నెల తిరిగేసరికి జనం వచ్చి, మా నాయనకూ కోటు పటమే కావాలని అడగసాగారు.

కలికిరిలో ఒక ఇంటికి పెళ్ళి ఫోటోలు తీయడానికి వెళ్ళాను. నడవలో ముగ్గురు అన్నదమ్ములు వరసగా గోడ మీద ఉన్నారు, ముగ్గురికీ ఎడమ భుజం ఒకే ఎత్తు. ఆ ఇంటి ముసలామె నా పక్కన నిలబడి, వాళ్ళింట్లో మగవాళ్ళందరికీ తరతరాలుగా ఆ భుజం అట్లాగే వస్తోందనీ, మనవడికి కూడా కొంచెం ఉందనీ గర్వంగా చెప్పింది. నేను తలూపాను. ఆ వంశకర్తను నేనేనని చెప్పలేకపోయాను.

ఆడవాళ్ళ పటాలు మాత్రం అంత సులువు కాదు. దొరసానులవి భుజాలు కనిపించే గౌన్లు, వాటి మీద మన అవ్వల తల పెడితే ఊళ్ళో నన్ను బతకనివ్వరు. అందుకని చీర నేనే రంగులతో వేసేవాణ్ణి. ఆ ఫోటోల నుంచి తీసుకునేదల్లా కంట్లో మెరుపు, ముక్కు కింద నీడ, అంతే. నవ్వు ఎవరూ అడగలేదు. పటంలో ఆడమనిషి గంభీరంగా ఉంటేనే ఇంటికి మర్యాద.

అడిగింది ఒక్కతే. తొంభైల చివర్లో, కుప్పం నుంచి పలమనేరు, పుంగనూరు మీదుగా మూడు బస్సులు మారి వచ్చిన ఒక ముప్పై ఏళ్ళ ఆమె. పుట్టిల్లు పుంగనూరు, తండ్రి బెల్లం వ్యాపారి. మండీలో ఆయన మాటంటే మాటే. తల్లి పోయి నాలుగు రోజులైంది. కుప్పంలో తన ఇంటికి పోయి వెతికి తెచ్చిన ఒక గ్రూపు ఫోటో కొంగులోంచి తీసి ఇచ్చింది. ఆమె పెళ్ళిలో తీసిందే. తండ్రి కుర్చీలో కాళ్ళు బార్లా చాపుకుని కూర్చున్నాడు, తల్లి కుర్చీ వెనక నిలబడి ఉంది. పెదవులు బిగించి ఉన్నాయి. వెనక్కి తిప్పి చూస్తే నా స్టూడియో స్టాంపే ఉంది. ఆ రోజు అందర్నీ నవ్వమని నేనే అరిచి ఉంటాను. ఆ తల్లి నాకు గుర్తే లేదు.

పటం నవ్వుతూ ఉండాలని అడిగింది ఆ అమ్మాయి. ఫోటోలో లేని నవ్వు నేనెక్కడి నుంచి తేవాలన్నాను. తల్లికి ఇంకో ఫోటో లేదని, పిల్లలకు అవ్వ అంటే ఈ బిగించిన మూతే గుర్తుండిపోతుందని, అది మాత్రం తను ఒప్పుకోనని చెప్పింది. ఆ పట్టుదల చూసి, ఆమె ఎలా నవ్వేదని అడిగాను. నవ్వితే కళ్ళు మూసుకుపోయేవట, భుజాలు ఊగేవట, ముందు పన్ను ఒకటి పక్కదాని మీదికి ఎక్కి ఉండేదట.

నేను రేకుపెట్టె దించి ఆమె ముందు పెట్టాను. నలభై మంది దొరసానుల్నీ దొరల్నీ ఆమె బెంచీ మీద పరిచి, నింపాదిగా చూసుకుంటూ వెళ్ళింది. ఇన్నేళ్ళుగా నేను దేవతల్లా చూసుకున్న ఒక్కొక్కరినీ పక్కన పెట్టేసింది. ఈమె పళ్ళు చూపిస్తోంది, నవ్వడం లేదంది. ఈమె ఎవరో నవ్వమంటే నవ్విందంది. ముత్యాలు వేసుకుని వంట చేస్తున్నామె దగ్గర కొంచెం ఆగి, పాపం అని, అదీ పక్కన పెట్టింది. ఆఖరున అడుగు నుంచి ఒక ఫోటో తీసి నా చేతిలో పెట్టింది. అందులో నటి ఎవరి మాటకో పకపకా నవ్వుతూ ముందుకు వంగిపోయింది. జుట్టు చెదిరింది, కళ్ళు గీతలైపోయాయి, పన్ను మీద పన్ను కనబడుతోంది. ఆ ఫోటో నేనెప్పుడూ పట్టించుకోలేదు. దాని మూల మీద ఎర్ర పెన్సిలుతో ఇంటూ గుర్తు కొట్టి ఉంది. ఇది పత్రికలకు పనికిరాదు, వేయవద్దు, అని వెనక రాసి ఉందని లెక్చరరు ఒకసారి చెప్పాడు. అన్ని ఫోటోల్లోకీ ఒక్కతే నిజంగా నవ్వితే, కంపెనీ వాళ్ళు దాన్ని కొట్టేశారు.

మూడు రోజులు పని చేశాను. నోరు, బుగ్గలు, కళ్ళ కింద మడతలు ఆ ఫోటో నుంచి తీసుకున్నాను. నుదురు, ముక్కు, ముక్కుపుడక తల్లివి. బొట్టు నేను పెట్టాను. చీరకు ఆకుపచ్చ వేశాను. నా చేతి మీదుగా వెళ్ళిన పటాల్లో అంత బాగా కుదిరింది ఇంకోటి లేదు, ఈ మాట అనడానికి నాకు మొహమాటం కూడా లేదు.

పదో రోజున తండ్రీ కూతురూ ఇద్దరూ వచ్చారు. ఆయనకు తెల్లటి మల్లు పంచె, భుజాన కండువా, మండీ నుంచి నేరుగా వచ్చినట్టు ఒంటి మీద బెల్లం వాసన. పటం మీద గుడ్డ తీశాను. కూతురు రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన చాలాసేపు చూసి, ఇది ఎవరని అడిగాడు. మీ ఇంటామే అన్నాను.

“మా ఇంటామె కాదప్పా ఇది. ఆమె ఇట్ల నవ్వేదే ల్యా. నలభై ఏండ్లు కాపరం చేసినోణ్ణి, నాకు తెలీదా?”

ఇది కూతురి కోరిక అని నేను నసిగాను. రేపు పది ఊళ్ళ నుంచి వ్యాపారులు, వియ్యాలవారు వస్తారనీ, వాళ్ళ ముందు ఇంటి ఇల్లాలు ఇలా ఇకిలిస్తూ ఉంటే తన మర్యాద ఏం కావాలనీ, ఫోటోలో ఎలా ఉందో అలాగే చేసి సాయంత్రానికి ఇవ్వమనీ ఆయన చెప్పాడు. గొంతు పెంచలేదు. పెంచాల్సిన అవసరం ఆయనకు ఎన్నడూ వచ్చినట్టు లేదు. నేను కూతురి వైపు చూశాను. ఆమె తండ్రి మొహంలోకి చూడకుండా, పటాన్నే చూస్తూ అంది.

“అమ్మ నవ్వేది నాయనా. నువ్వు ఇంట్లో లేనప్పుడు నవ్వేది.”

ఆయన కండువా తీసి మెడ తుడుచుకున్నాడు. నోరు మూసిన పటమే చేయమని నాకు మళ్ళీ చెప్పి, మెట్లు దిగి వెళ్ళిపోయాడు. నేను చేశాను. అన్నాళ్ళూ కళ గురించి గొప్పలు చెప్పిన వాణ్ణి, ఆ అమ్మాయి తరఫున ఒక్క మాట మాట్లాడలేదు. సాయంత్రానికి బిగించిన మూతి పటం పుంగనూరు వెళ్ళి దండ వేయించుకుంది. నవ్వే పటాన్ని ఆ అమ్మాయి పాత చీరలో చుట్టుకుని కుప్పం తీసుకుపోయింది.

ఆ తర్వాతి ఏడు కుప్పంలో ఒక పెళ్ళికి ఫోటోలు తీయడానికి వెళ్ళి, పటం ఎలా ఉందో చూద్దామని ఆ అమ్మాయి ఇంటికి వెళ్ళాను. హాల్లో లేదు. వంటింట్లో, గిన్నెల అలమర పైన పెట్టింది. పిల్లలు దానికి నవ్వే అవ్వ అని పేరు పెట్టారు. నాకు కాఫీ ఇచ్చి, ఆ అమ్మాయి పొయ్యి దగ్గర నిలబడే చెప్పుకొచ్చింది. తండ్రి చెడ్డవాడు కాదు. ఏనాడూ చెయ్యి ఎత్తలేదు, తిట్టిందీ లేదు. ఆయన మండీకి వెళ్ళగానే తల్లీ కూతురూ పొద్దు పోయేదాకా ఏదో ఒకటి చెప్పుకుని నవ్వుకునేవాళ్ళు. వీధి తలుపు గొళ్ళెం చప్పుడైతే తల్లి మూతి బిగుసుకునేది. ఎందుకని ఒకసారి అడిగితే చెప్పిందట, పెళ్ళయిన కొత్తలో ఒకనాడు తను నవ్వుతుంటే ఆయన లోపలికి వచ్చి, ఏమా నవ్వు అని అడిగాడని. ఒక్కసారే అడిగాడట.

ఇంకొన్నాళ్ళకు, కంప్యూటర్లు వచ్చి నా కోటు దొరకు గిరాకీ తగ్గిన రోజుల్లో, ఒక మధ్యాహ్నం ఆ బెల్లం వ్యాపారి ఒక్కడే నా స్టూడియోకి వచ్చాడు. మనిషి చిక్కిపోయాడు. స్టూలు మీద కూర్చుని కాసేపు బెల్లం గురించి, వానల గురించి మాట్లాడాడు. తర్వాత, ఆ నవ్వే పటం నెగెటివు ఉందా అని అడిగాడు. కుప్పం వెళ్ళినప్పుడు కూతురి వంటింట్లో దూరం నుంచి చూశాడట. దగ్గరికి వెళ్ళడానికి మొహం చెల్లలేదట.

నాకు అబద్ధం చెప్పాలనిపించలేదు. రేకుపెట్టె తీసి, ఎర్ర ఇంటూ గుర్తున్న ఫోటో ఆయన చేతిలో పెట్టాను. ఆ నోరు ఈ దొరసానిదని, మీ ఇంటామెది కాదని చెప్పాను. ఆయన దాన్ని వెలుగులోకి పట్టుకుని చూశాడు.

“నోరు ఎవురిదైతే ఏమప్పా. ఇట్లనే నవ్వేదంట గదా, బిడ్డ సెప్పింది. ఊళ్ళో వాళ్ళందురూ సూసినారంట. నేనొగణ్ణే సూల్లేదు.” ఫోటో ఒళ్ళో పెట్టుకుని అడిగాడు. “నేనేమన్నా పులినా అప్పా?”

కాదన్నాను, మర్యాదకు. చిన్న సైజులో ఒకటి చేసి ఇవ్వమన్నాడు. ఇంట్లో పెట్టనని, మండీలో గల్లాపెట్టె పక్కన పెట్టుకుంటానని చెప్పాడు. ఇంట్లో అయితే తనను చూసి మళ్ళీ మూతి ముడుచుకుంటుందేమోనట. ఆయన నవ్వుతూ అనలేదు ఆ మాట.

ఆయన వెళ్ళాక నాకు పని మీద మనసు పోలేదు. స్టూడియోకి తాళం వేసి, ఎండలోనే ఇంటికి బయల్దేరాను. దారి పొడుగునా ఆయన్ని తలుచుకుని జాలిపడ్డాను, కొంచెం వెటకారంగా కూడా అనుకున్నాను. నలభై ఏళ్ళు కాపురం చేసి పెళ్ళాం నవ్వు చూడని మొగుడు ఒకడున్నాడని నా భార్యకు చెప్పాలి, ఆ గొంతు ఎలా పెట్టాడో అనుకరించి చూపించాలి అనుకుంటూ నడిచాను. మాకు పెళ్ళయి అప్పటికి పదహారేళ్ళు, ఒక కూతురు.

మా సందు మలుపు తిరగగానే ఇంట్లోంచి నవ్వు వినిపించింది. ఇద్దరు ఆడవాళ్ళు, ఊపిరాడనంతగా నవ్వుతున్నారు. ఒక గొంతు నా కూతురిది. రెండోది ఎవరిదో తెలియలేదు. ఎవరో చుట్టాలొచ్చారనుకున్నాను. పరాయి మనిషి ఉన్న ఇంట్లోకి దబాలున వెళ్ళకూడదని, గుమ్మం బయటే చెప్పులు విడిచాను.

చెప్పుల చప్పుడుకు నవ్వు ఆగిపోయింది.

లోపల చుట్టాలెవరూ లేరు. నా భార్య, కూతురు బియ్యం చేటల ముందు కూర్చుని ఉన్నారు. భార్య లేచి కొంగు సర్దుకుని, ఇంత తొందరగా వచ్చారేమని, అన్నం పెట్టమంటారా అని అడిగింది. కూతురు తల వంచుకుని చేటలో రాళ్ళు వెతుకుతోంది. నాకు సిగ్గేసింది. అంతకంటే ఎక్కువ భయమేసింది. ఈ పదహారేళ్ళలో నేనూ ఏ రోజో ఏదో అడిగే ఉంటాను. అదేమిటో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.

“యాల ఆపేసినారు? నవ్వండి” అన్నాను. స్టూడియోలో రోజూ అందరితోనూ అనే మాటే.

ఇద్దరూ తలెత్తి నా వైపు చూశారు. పెదవులు రవంత విడదీసి, ఫోటోకి నవ్వినట్టు నవ్వారు.